పిల్లల కీళ్లవాతం, పెద్దల పథ్యం

ఆదిలాబాద్ పట్నంలోనైనా, ఉట్నూరు పక్క గూడెంలోనైనా పిల్లకు మోకాలు వాచిందంటే చాలు, దవాఖాన చీటీ కన్నా ముందు పథ్యం జాబితా ఇంటికొస్తుంది. పక్కింటి అవ్వ "వంకాయ పెట్టకు బిడ్డా, వాతం జేస్తది" అంటుంది. మేనత్త వచ్చి ఆలుగడ్డ తీసేస్తుంది. పుంటికూర పులుపు గనక వద్దు. పెరుగు చలువ గనక వద్దు. శనగపప్పు గ్యాసు, కోడిగుడ్డు వేడి, పల్లీలు పైత్యం. ఎవరూ చెడు కోరి చెప్పరు. అందరి మాటా విన్నాక పళ్లెంలో చూస్తే రెండు జొన్నరొట్టెలు, ఇంత పెసరకట్టు మిగులుతాయి. ఆ పళ్లెం ముందు కూర్చున్నది ఏడేళ్ల పిల్ల. దానికి ఎముక పెరగాలి, నెత్తురు పట్టాలి, పాలపళ్లు ఊడి గట్టిపళ్లు రావాలి. ఇదంతా పెసరకట్టుతో అయ్యే పని కాదు.

ఇవాళ్టి కబుర్లు ఆ పళ్లెం గురించే. అయితే ముందు జబ్బు సంగతి కాస్త తెలియాలి, లేకపోతే నా మాటకూ మేనత్త మాటకూ తేడా ఉండదు.

కీళ్లవాతం ముసలివాళ్ల జబ్బని చాలామంది నమ్మకం. 1897లో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే కుర్ర డాక్టరు లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో ఉంటూ, కీళ్లు వాచిన 22 మంది పిల్లల సంగతి రాశాడు. పెద్దలకు వచ్చేదే పిల్లలకూ వస్తోందనుకుంటే పొరపాటు, ఇది వేరే జబ్బు అన్నాడు. ఇప్పుడు దాన్ని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థ్రైటిస్ అంటున్నారు, పొట్టిగా జె.ఐ.ఏ. పదహారేళ్లు నిండకముందే మొదలవ్వాలి, కీలు వాపు కనీసం ఆరు వారాలు ఉండాలి, ఎంత వెతికినా ఇంకో కారణం దొరక్కూడదు. అప్పుడే ఆ పేరు పెడతారు. అందులోనూ ఏడు రకాలున్నాయి. ఒకటి రెండు కీళ్లతో సరిపెట్టేది ఉంది, ఒళ్లంతా జ్వరం, దద్దురుతో విరుచుకుపడేదీ ఉంది.

దీని గుర్తు తల్లికి డాక్టరు కన్నా ముందే కనపడుతుంది. పొద్దుగాల లేచిన పిల్ల కాలు సాగదు, కుంటుతుంది, ఎత్తుకొమ్మంటుంది. పది గంటలయ్యేసరికి అదే పిల్ల గల్లీలో ఉరుకుతుంటుంది. బడి టైముకి కుంటి, ఆటల టైముకి ఉరికే పిల్లను చూసి సార్లు "బడి ఎగ్గొట్టడానికి నాటకం" అంటారు. నాటకం కాదు. రాత్రంతా కదలకుండా ఉన్న కీలు బిగుసుకుపోతుంది, కదిలించగా కదిలించగా సడలుతుంది. పసిపిల్లలైతే నొప్పి అని చెప్పను కూడా చెప్పరు. నడక మానేస్తారు, అంతే.

మరి ఎందుకొస్తుంది? మన ఒంట్లో క్రిములను కనిపెట్టి చంపే కణాలున్నాయి. ఏ కారణానో అవి కీలు లోపలి పల్చటి పొరను పరాయిదిగా చూడటం మొదలుపెడతాయి. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 వంటి ప్రోటీన్లు విడుదలవుతాయి. పొర ఉబ్బుతుంది, నీరు చేరుతుంది, కీలు వేడెక్కుతుంది. కొంత పుట్టుకతో వచ్చిన జన్యువుల పాత్ర, కొంత బయటి పరిస్థితుల పాత్ర. తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నదో, పిల్లకు మొన్న దావత్‌లో ఏం పెట్టారో దానికి కారణం కాదు. ఈ మాట అత్తగారు వినేటట్టు గట్టిగా చదవండి.

ఆదిలాబాద్‌లో ఇంకో సంగతి తప్పక చెప్పాలి. ఇక్కడ వాచిన కీళ్లన్నీ జె.ఐ.ఏ. కావు. ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉంది. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి సన్న నాళాల్లో ఇరుక్కుంటాయి, ఎముకలు, కీళ్లు భరించలేనంత నొప్పెడతాయి. ఏడాది లోపు పసివాడికి రెండు చేతులు, రెండు పాదాలు ఒక్కసారి ఉబ్బితే మొదట ఇదే అనుమానించాలి. దీన్ని అంతం చేయడానికని కేంద్రం 2023 జూలై 1న ఒక జాతీయ మిషన్ మొదలుపెట్టింది, 2047 దాకా గడువు పెట్టుకుంది. ఊళ్లోకి రక్తపరీక్ష బృందం వస్తే దాక్కోకుండా పిల్లల్ని తీసుకెళ్లండి. ఇది కాక గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు ఒక కీలు నుంచి ఇంకో కీలుకు పాకే నొప్పి ఉంటుంది. అది రుమాటిక్ జ్వరం, గుండె కవాటాలను పాడుచేస్తుంది. కీలుకు పట్టిన క్షయ ఉంటుంది. అరుదుగా రక్త క్యాన్సర్ కూడా మొదట ఎముకల నొప్పిగానే కనపడుతుంది. అందుకే ఏ జబ్బో తేలకముందే ఆరెంపీ దగ్గర స్టెరాయిడ్ సూది వేయించుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. రెండు రోజులు హాయిగా ఉంటుంది, అసలు జబ్బు మాత్రం పరీక్షలకు దొరక్కుండా దాక్కుంటుంది.

ఇక పథ్యం.

2005 చివర్లో మొదలై 2006 అంతా చికున్‌గున్యా మన రాష్ట్రాన్ని ఊపేసింది గుర్తుందా? ఇంటింటికీ ఒకరు మంచం పట్టారు, జ్వరం పోయాక కూడా నెలల తరబడి కీళ్లు పట్టేసి గోడ పట్టుకుని నడిచారు. అప్పుడు ప్రతి వాడలోనూ పథ్యం జాబితాలు పుట్టుకొచ్చాయి. ఒకరు మాంసం మానేశారు, ఇంకొకరు పులుపు మానేశారు, మరొకరు వంకాయ. కొన్ని నెలలకు ఎక్కువమందికి నొప్పులు తగ్గాయి. మాంసం మానినవాళ్లు మాంసం మానడం వల్ల తగ్గిందన్నారు, వంకాయ మానినవాళ్లు వంకాయ వల్ల అన్నారు. ఏదీ మానకుండా తిన్నవాళ్లకూ తగ్గింది, కానీ వాళ్లకు చెప్పుకోవడానికి కథ లేదు, అందుకని వాళ్ల మాట ఎవరూ వినలేదు. చికున్‌గున్యా ఎక్కువమందిలో దానంతటదే సర్దుకునే జబ్బు. ఆ జాబితాలు మాత్రం ఇప్పటికీ తిరుగుతున్నాయి.

జె.ఐ.ఏ. స్వభావం ఇంకా మాయలమారిది. కొన్ని వారాలు ఎక్కువవుతుంది, కొన్ని వారాలు తగ్గుతుంది, మనం ఏమీ చేయకపోయినా సరే. ఎక్కువైన రోజు వెనక్కి తిరిగి చూస్తాం, నిన్న రాత్రి ఏం తిన్నదని. ఏదో ఒకటి తినే ఉంటుంది కదా! ఆలుగడ్డ తిని నొప్పి రాని ఇరవై రోజులు ఎవరికీ జ్ఞాపకం ఉండవు, తిని నొప్పి వచ్చిన ఒక్క రోజు ఇంట్లో అందరికీ జ్ఞాపకం. మనిషి బుర్ర అలా పనిచేస్తుంది, ఇందులో చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు అనే తేడా లేదు.

వంకాయ మీద అనుమానం మనకొక్కరికే లేదు. అమెరికాలో నార్మన్ చైల్డర్స్ అనే తోటల శాస్త్ర ఆచార్యుడు టమాటా తిన్నాకే తన కీళ్లు నొప్పెడుతున్నాయని నమ్మి, 1970ల నుంచి టమాటా, వంకాయ, ఆలుగడ్డ, మిరప కుటుంబం మీద పుస్తకాలే రాశాడు. ఆ కుటుంబం మొక్కల్లో సొలనిన్ లాంటి చేదు పదార్థాలుంటాయన్నది నిజమే, పచ్చబడి మొలకెత్తిన ఆలుగడ్డలో ఎక్కువుంటాయి, అది పారేయాల్సిందే. మామూలు కూరలో ఉండే కాస్తకు కీళ్లు వాస్తాయని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు. నాకు నవ్వొచ్చేది ఎక్కడంటే, చైల్డర్స్ లెక్కన మిరపకాయ కూడా దోషే. మన దగ్గర వంకాయ మాన్పించిన పెద్దమనిషి ఒక్కడైనా కారం మాన్పించాడా?

పప్పులు వద్దనే మాట ఎక్కడిదో తెలుసా? యూరిక్ యాసిడ్ పెరిగి బొటనవేలు ఎర్రగా ఉబ్బే గౌట్ అనే జబ్బు నుంచి వచ్చింది. అది ఎక్కువగా నడివయసు మగవాళ్లది. పిల్లల్లో బహు అరుదు. బాపు బొటనవేలుకు రాసిన పథ్యం బిడ్డ మోకాలుకు పెట్టడం ఏం న్యాయం?

పులుపు సంగతి కూడా చూద్దాం. పుంటికూర, చింతపండు తింటే నెత్తురు పుల్లబడి కీళ్లు పడతాయంటారు. మన కడుపులో ఊరే ఆమ్లం ముందు చింతపులుసు ఏ మూలకు? అది దాటి లోపలికి పోయాక ఊపిరితిత్తులు, మూత్రపిండాలు కలిసి రక్తం పి.హెచ్.ను 7.35కి 7.45కి మధ్య కట్టుదిట్టంగా నిలబెడతాయి. కుండెడు పుల్లగూర తిన్నా అది కదలదు. పైగా నిమ్మ, ఉసిరి, జామలో ఉండే సి విటమిన్ పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది.

అలాగని తిండికీ కీళ్లకూ ఏ సంబంధమూ లేదని నేను కొట్టిపారేయడం లేదు. 1986లో రిచర్డ్ పానుష్ అనే అమెరికా డాక్టరు ఒక పరీక్ష అచ్చువేశాడు. పాలు తాగితే తన కీళ్లు వాస్తున్నాయని ఒకామె మొత్తుకుంటే, ఆమె మాట నమ్మనూ లేదు, కొట్టిపారేయనూ లేదు. పాలను ఎండబెట్టి గొట్టం మాత్రల్లో పెట్టి, అలాంటివే ఉత్తుత్తి మాత్రలు ఇంకొన్ని చేసి, ఏది ఏదో ఆమెకు తెలియకుండా ఇచ్చి చూశాడు. పాల మాత్రలప్పుడే కీళ్లు వాచాయి. అంటే అలాంటి మనుషులున్నారు. కానీ అలా తిండే కారణమని వచ్చినవాళ్లను ఇదే పద్ధతిలో పరీక్షిస్తే నిజంగా తేలినవాళ్లు చాలా కొద్దిమంది. మనం నేర్చుకోవాల్సింది ఆమె పాలు మానేసిందని కాదు. అనుమానాన్ని ఎలా పరీక్షించాలన్నది.

గోధుమ సంగతి ఇంకా గట్టిది. సీలియాక్ అనే జబ్బులో గోధుమలోని గ్లూటెన్ పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. జె.ఐ.ఏ. ఉన్న పిల్లల్లో అది మామూలు పిల్లలకన్నా కాస్త ఎక్కువగా కనపడుతుంది. ఎదుగుదల ఆగి, కడుపు ఉబ్బి, తరచూ విరేచనాలై, ఎంత ఇనుము మందు తాగించినా నెత్తురు పట్టకపోతే డాక్టరును అడిగి రక్తపరీక్ష చేయించండి. ఒక్కటే జాగ్రత్త: పరీక్షకు ముందే చపాతీలు మానిపించకండి. గోధుమ మానేస్తే పరీక్ష బాగున్నట్టు చూపిస్తుంది, జబ్బు దొరకదు. సీలియాక్ అని తేలితే మాత్రం ఆదిలాబాద్ వాళ్లంత అదృష్టవంతులు లేరు. జొన్నలో గ్లూటెన్ లేదు, మక్కలో లేదు, బియ్యంలో లేదు, రాగిలో లేదు. హైదరాబాద్‌లో పొట్లానికి వందలు పెట్టి కొనే గ్లూటెన్ లేని రొట్టె ఇక్కడ మన అవ్వ చేతిలో రోజూ చప్పుడు చేస్తూనే ఉంది.

పాలు తాగితే కడుపుబ్బరం, గ్యాసు, నీళ్ల విరేచనాలు అయ్యే పిల్లలు మన దగ్గర చాలామంది. పాలలోని లాక్టోజ్ చక్కెరను విడగొట్టే ఎంజైము వయసుతోపాటు తగ్గిపోతుంది. అది పేగు సంగతి, కీళ్లది కాదు. పెరుగులో ఆ చక్కెర కొంత ముందే కరిగిపోయి ఉంటుంది కాబట్టి పెరుగు, సల్ల పడతాయి. నిజమైన ఎలర్జీ వేరు. గుడ్డో పల్లీయో తిన్న కాసేపట్లో పెదవులు ఉబ్బి, దద్దుర్లు లేచి, ఊపిరాడకపోతే అది ఎలర్జీ, అలాంటి పిల్లకు ఆ వస్తువు పూర్తిగా బంద్. ఇక వందల పదార్థాల పట్టీతో ఐ.జి.జి. పరీక్షలని పెద్దపెద్ద ల్యాబులు అమ్ముతున్నాయి. ఆ పరీక్ష చెప్పేది పిల్ల ఆ పదార్థం తిన్నదని మాత్రమే, పడదని కాదు. ప్రపంచంలో ఎలర్జీ నిపుణుల సంఘాలు దీన్ని వద్దన్నాయి. ఆ డబ్బుతో నెలరోజుల గుడ్లు వస్తాయి.

ఇంకా అనుమానం తీరకపోతే డాక్టరుకు చెప్పి ఇలా చేయండి. ఒక్క పదార్థమే ఎంచుకోండి. మూడు నాలుగు వారాలు ఆపండి. మందులు అలాగే నడవాలి, అందులో మార్పు వద్దు. ఒక నోట్‌బుక్కులో రోజూ పొద్దున కాలు సాగడానికి ఎంతసేపు పట్టిందో రాయండి. తర్వాత ఆ పదార్థాన్ని మళ్లీ పెట్టండి. నొప్పి పెరిగిందా? ఇంకోసారి అలాగే చేసి చూడండి. రెండుసార్లూ అదే జరిగితే మీ అనుమానానికి విలువుంది. జరగకపోతే ఆ కూర పళ్లెంలోకి తిరిగి రావాలి. మన ఇళ్లలో ఎప్పుడూ జరగనిది ఈ తిరిగి రావడమే. తీసినవి తీసినట్టే ఉండిపోతాయి.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2021 మార్గదర్శకాల్లో దీని మీద మొహమాటం లేకుండా రాసింది. వయసుకు తగిన, అన్నీ ఉన్న మంచి తిండి గురించి తల్లిదండ్రులతో మాట్లాడండి, జె.ఐ.ఏ. తగ్గించడానికని ప్రత్యేక పథ్యం మాత్రం పెట్టకండి అని. పెద్దల పథ్యాలు నాలుగురోజుల జ్వరానికి పుట్టినవి. నాలుగురోజులు కడుపు తేలిగ్గా ఉంచడంలో తప్పు లేదు. ఏళ్ల తరబడి ఉండే జబ్బుకు ఏళ్ల తరబడి పథ్యం అంటే దాని పేరు ఆకలి.

ఈ జబ్బులో పిల్ల పాలిపోవడం వెనక ఒక తమాషా ఉంది. ఒంట్లో వాపు ఉన్నప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6 వల్ల కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను ఎక్కువగా తయారుచేస్తుంది. అది పేగు నుంచి ఇనుము లోపలికి రాకుండా, నిల్వ ఉన్న ఇనుము బయటికి పోకుండా ఆపేస్తుంది. గుమ్మి నిండా జొన్నలుండి, తాళంచెవి పోయిన ఇల్లులాగ ఉంటుంది పిల్ల పరిస్థితి. అందుకే ఉత్త ఇనుము మాత్రలతో నెత్తురు పట్టదు. మందులతో వాపు తగ్గితేనే ఆ తాళం తెరుచుకుంటుంది. తెరుచుకునే నాటికి లోపల సరుకు ఉండాలి కదా, అందుకని తోటకూర, పాలకూర, పప్పు, గుడ్డు, వీలైతే మాంసం మానకూడదు.

ఎముకల లెక్క ఇంకోటి. వాపు ఎముకను పల్చబరుస్తుంది, స్టెరాయిడ్ మరింత పల్చబరుస్తుంది. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లకు రోజుకు 650 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. వంద గ్రాముల జొన్నల్లో ఉండేది ముప్పై కూడా లేదు. అదే వంద గ్రాముల రాగుల్లో 360 పైన. గ్లాసుడు పాలలో లేదా పెరుగులో సుమారు 240. పది గ్రాముల నువ్వుల్లో వంద పైచిలుకు, అందులో కొంతే ఒంటబడుతుందనుకోండి. రెండు పూటలా పెరుగు, పొద్దున ఒక రాగి జావ, సాయంత్రం ఒక నువ్వులుండ పెడితే లెక్క సరిపోయింది. నువ్వులంటే మన జిల్లాకు కొత్తా? నార్నూరు ఖాందేవ్ జాతరలో తొడసం వంశం ఆడపడుచు మొక్కు తీర్చేది నువ్వుల నూనె తాగే కదా. పిల్లలకు ఉండ చాలు.

ఒకే ధాన్యం మీద బతికితే ఏమవుతుందో మన తెలంగాణే ఒకప్పుడు లోకానికి చూపించింది. జొన్న తప్ప ఇంకేమీ దొరకని పేదల్లో మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పగిలే పెల్లగ్రా కనపడితే, గోపాలన్, శ్రీకాంతియా అనే శాస్త్రవేత్తలు 1960లో దాన్ని జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి ముడిపెట్టి రాశారు. ల్యూసిన్ మీద తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి గానీ, జొన్నకు తోడు పప్పు, పాలు, గుడ్డు ఉన్న ఇంట్లో పెల్లగ్రా రాలేదు. జొన్న మంచిదే, ఒంటరిగా మంచిది కాదు. మన జిల్లా సోయా పండించి బస్తాలు బస్తాలు మార్కెట్‌కు తోలి, ఇంట్లోకి పిడికెడు కూడా ఉంచుకోదు, అది నాకు ఎప్పటికీ అర్థం కాదు.

చేపనూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వులు పెద్దమోతాదులో పెద్దవాళ్ల కీళ్లనొప్పిని కాస్త తగ్గిస్తాయని తేలింది, పిల్లల్లో రుజువు తక్కువ. మందులకు బదులు కాదు, పళ్లెంలో చోటు మాత్రం ఇవ్వొచ్చు. కడెం చేపో, గోదావరి చేపో వారానికి రెండుసార్లు మంచిదే. శాకాహారులు అవిసెల పొడి చల్లుకోవచ్చు. చేనుగట్టున దొరికే గంగవాయిలి కూర ఉంది చూశారూ, ఆకుకూరల్లో ఒమేగా-3 దండిగా ఉన్నది అదే. పుల్లగా ఉంటుందని కీళ్లవాతం పిల్లకు దాన్నే మొదట మానిపిస్తారు! పసుపు వంటలో ఎంతైనా వేసుకోండి. పసుపు సారం మాత్రలు మాత్రం డాక్టరును అడగకుండా వద్దు, కాలేయానికి అప్పటికే పని ఎక్కువ ఉంది.

తినడం కూడా ఈ పిల్లలకు ఒక పని అని చాలా ఇళ్లలో గమనించరు. మా వాడలో ఒక పిల్ల ఉంది. పొద్దుగాల దాని మణికట్టు వంగదు. జొన్నరొట్టె విరవడానికి ఎడమ మోచేత్తో అంచు నొక్కిపట్టి, కుడిచేతి రెండు వేళ్లతో గుంజుతుంది. రెండు ముక్కలు తిని పళ్లెం జరిపేస్తుంది. "ఆకలైతలేదే" అంటుంది. ఆకలి లేక కాదు, దవడ నొప్పి. చెవి ముందుండే దవడ కీలుకూ ఈ జబ్బు పడుతుంది, నోరు పూర్తిగా తెరుచుకోదు, రొట్టె నమలలేరు. పిల్ల నాయనమ్మ పొద్దున పూట రొట్టె మానేసి జొన్న గట్కా మెత్తగా వండి, అందులో సల్ల పోసి ఇవ్వడం మొదలుపెట్టింది. చెంచా కాడకు పాతచీర పేలిక నాలుగు చుట్లు చుట్టి దారంతో కట్టింది, లావు కాడ అయితే పిడికిలి గట్టిగా బిగించక్కర్లేదు. రొట్టె ఇప్పుడు మధ్యాహ్నం తింటుంది, అప్పటికి కీళ్లు సడలుతాయి. పెద్ద ఆసుపత్రుల్లో ఆక్యుపేషనల్ థెరపిస్టులు నేర్పేది కూడా ఇదే. నాయనమ్మకు ఎవరూ నేర్పలేదు.

మందుల మాట లేకుండా తిండి మాట పూర్తి కాదు. ఈ పిల్లలకు ప్రపంచమంతటా వాడే ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. దాని మూలం వెతికితే మన భీమవరం పిల్లవాడి దగ్గర తేలుతుంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టాడు. స్ప్రూ అనే విరేచనాల జబ్బు అన్నదమ్ముల్ని పొట్టన పెట్టుకుంది, ఆయన్నూ మంచం పట్టించింది, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదంతో బతికి బయటపడ్డాడు. అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. స్ప్రూకు పనిచేసే విటమిన్ అదే! తర్వాత ఆ ఫోలిక్ యాసిడ్‌కు పోలికలుండి, దాని పనిని అడ్డుకునే మందులు చేశారు. అమినోప్టెరిన్, దాని వెనకే మెథోట్రెక్సేట్. మొదట రక్త క్యాన్సర్ పిల్లలకు వాడారు. సుబ్బారావు 1948లో పోయారు. అదే మందు చిన్నమోతాదులో పిల్లల కీళ్లవాతానికి పనిచేస్తుందని 1992లో అమెరికా, సోవియట్ డాక్టర్లు కలిసి చేసిన పరీక్షలో రుజువైంది.

ఈ మందు వారానికి ఒక్కరోజే. మళ్లీ చెబుతున్నాను, వారానికి ఒక్కరోజు. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదకొస్తుంది. క్యాలెండర్‌లో ఆ రోజు చుట్టూ గీత గీయండి. దాంతోపాటు డాక్టరు ఫోలిక్ యాసిడ్ మాత్ర రాస్తాడు, వికారం, నోటిపూత తగ్గడానికి. "మందు ఫోలిక్ యాసిడ్‌కు విరుగుడైతే, ఆకుకూరలు మానాలా తాతా?" అని ఒక కాలేజీ పిల్ల తెలివిగా అడిగింది. అక్కర్లేదమ్మా. కూరలో ఉండేదాంతో మందు పని చెడదు. మందు రోజు కొందరికి కడుపులో తిప్పుతుంది. రాత్రి భోజనం చేశాక వేసి పడుకోబెడితే చాలామందికి సర్దుకుంటుంది. వాంతులు ఆగకపోతే మీరే మందు మానిపించకండి, డాక్టరుకు చెప్పండి, ఇంకో దారి ఉంది. పదోతరగతి దాటిన మగపిల్లలకు ఇంకో మాట: ఈ మందు మీద ఉన్నవాళ్లకు ఇప్పసారా, బీరు ఏదీ పనికిరాదు, కాలేయం ఊరుకోదు. ఇప్పపువ్వు లడ్డూ తినండి, అది నిక్షేపం.

నొప్పి మాత్రలు పరగడుపున వద్దు. ఇంకోటి, వానాకాలం మన దగ్గర డెంగీ ఊళ్లకు ఊళ్లు తిరుగుతుంది. జ్వరమొస్తే ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర ఆపి ముందు డాక్టరును అడగండి, డెంగీలో అది నెత్తురు కార్పిస్తుంది. స్టెరాయిడ్ వేసుకునే పిల్ల ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, ఆకలి విపరీతంగా వేస్తుంది. అది తిండిపోతుతనం కాదు. అప్పడాలు, తొక్కు, చిప్స్ ప్యాకెట్లు తగ్గించి ఉప్పు చూసుకోండి, దోసకాయ, కీరా, జామకాయ చేతికివ్వండి. స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపకూడదు. ఏ పేరు లేని వేర్లమందు పొడి వారంలో అద్భుతం చేసిందంటే అందులో స్టెరాయిడ్ కలిపారని అనుమానించండి.

మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్ మందులు ఒంట్లో క్రిములను ఎదిరించే శక్తిని కొంత తగ్గిస్తాయి. నీళ్లు కాచి చల్లార్చి ఇవ్వండి. పచ్చిపాలు ఎవరు మంచివని చెప్పినా వద్దు. పచ్చిపాల నుంచి వచ్చే బ్రూసెల్లా జ్వరం తానే కీళ్లను వాపు పట్టిస్తుంది, అప్పుడు ఏది ఏ జబ్బో తేల్చలేక చావాలి. గుడ్డు పూర్తిగా ఉడకాలి.

తిండితో ఏ సంబంధమూ లేనిది ఒకటి మిగిలింది. పళ్లెం గొడవలో పడి ఇళ్లలో ఎక్కువగా మరిచిపోయేది అదే. ఈ జబ్బు కొంతమంది పిల్లల్లో, ముఖ్యంగా చిన్నవయసు ఆడపిల్లల్లో, కంటి లోపల వాపు తెస్తుంది. ఎరుపుండదు, నొప్పుండదు, నీరు కారదు. పిల్ల చూపు తగ్గిందని మనకు తెలిసేనాటికి పోవాల్సింది పోయి ఉంటుంది. కీళ్లు బాగున్నా సరే, డాక్టరు చెప్పినన్నాళ్లు, చాలామందికి మూడు నెలలకోసారి, స్లిట్ ల్యాంప్ అనే యంత్రంతో కళ్లు చూపించాలి. ఆదిలాబాద్ రిమ్స్‌లో పిల్లల డాక్టరును అడిగితే చెబుతారు. నిర్మల్ వైపు వాళ్లకు ముథోల్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ కేంద్రం ఉంది. హైదరాబాద్ నిమ్స్‌కు, నిలోఫర్‌కు వెళ్లేవాళ్లు అదే ప్రయాణంలో ఈ పని కూడా పెట్టుకోండి. పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే, సూది లేదు, నొప్పి లేదు. పోయినసారి ఎప్పుడు చూపించారో చీటీ తీసి చూడండి. మూడు నెలలు దాటితే ఈ వారమే తీసుకెళ్లండి.